క్రైస్తవ వివాహం: వాక్యంలో ఎంత, వాడుకలో ఎంత

క్రైస్తవ వివాహ సిద్ధాంతానికి పునాది ఆదికాండం రెండో అధ్యాయం 24వ వచనం. పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకుంటాడనీ, ఆ ఇద్దరూ ఒకే శరీరమవుతారనీ దాని సారాంశం. విడాకుల గురించి అడిగినవారికి జవాబు చెబుతూ యేసు ఎత్తి చూపింది దీన్నే. పౌలు ఎఫెసు సంఘానికి రాసిన లేఖలో ఆధారం చేసుకున్నదీ దీన్నే. తెలుగునాట చర్చిలో జరిగే పెళ్ళిళ్ళలో, శాఖ ఏదైనా, ఈ వచనం వినిపించకపోవడం అరుదు. అయితే ఇందులో కన్నవారిని విడవమన్నది కొడుకును. మన ఊళ్ళల్లో పుట్టిల్లు విడిచేది కూతురు. పొద్దున ఈ వచనం చదివిన పెళ్ళిలోనే, సాయంత్రం అప్పగింతల వేళ అమ్మాయిని అత్తగారి చేతిలో పెడతారు. జీతం ఎవరి చేతికివ్వాలి, పండక్కి ఎటు వెళ్ళాలి, వంటింట్లో ఎవరి మాట చెల్లాలి అని కొత్త కాపురాల్లో రేగే గొడవలను తరచి చూస్తే, కొడుకు ఇంకా తల్లిదండ్రులను ‘విడవకపోవడమే’ చాలాసార్లు కనిపిస్తుంది.

ఆదర్శం ఆ ఒక్క వచనంలో ఉంటే, అది ఎన్ని రకాలుగా బీటలువారిందో ఆ తర్వాతి కథలు చెబుతాయి. అబ్రాహాము, శారాల మధ్య నలిగిన దాసి హాగరు చివరికి కొడుకుతో సహా ఎడారి పాలైంది. యాకోబు అక్కచెల్లెళ్ళిద్దరినీ చేసుకున్నాడు. ఆ ఇంట్లో రాజుకున్న సవతి పోరు, అన్నలే తమ్ముడు యోసేపును అమ్మేసేదాకా వెళ్ళింది. దావీదు బత్షెబ కోసం ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో పెట్టించి చంపించాడు. సొలొమోనుకు 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు ఉన్నారనీ, వాళ్ళే అతని మనసు తిప్పేశారనీ రాజుల మొదటి గ్రంథం చెబుతుంది. ఈ కాపురాలను బైబిలు దాచలేదు, మెచ్చుకోనూ లేదు. ‘బైబిలు కుటుంబం’ అని వేదికల మీద ధారాళంగా మాట్లాడేవారు ఇందులో ఏ కుటుంబాన్ని మనసులో పెట్టుకుంటారో అడగదగ్గ ప్రశ్నే.

యాకోబు పెళ్ళి తెలుగువారికి ఇంకో కారణంగానూ దగ్గరగా ఉంటుంది. లేయా, రాహేలు అతని మేనమామ లాబాను కూతుళ్ళు, అచ్చమైన మేనరికం. వరస కాని సంబంధాల జాబితా లేవీయకాండం 18వ అధ్యాయంలో ఉంది. అందులో మేనత్త ఉంది, తల్లి తోబుట్టువు ఉంది. మేనమామ కూతురు గానీ అక్క కూతురు గానీ లేదు. అందుకే క్రైస్తవం పుచ్చుకున్నాక కూడా చాలా తెలుగు కుటుంబాల్లో మేనరికాలు ఆగలేదు. కతోలిక సంఘం మాత్రం తన చట్టంలో వీటిని రక్తసంబంధపు ఆటంకాల కింద లెక్కవేస్తుంది. చేసుకోవాలంటే ముందుగా మినహాయింపు పొందాలి.

కట్నం సంగతికొస్తే వాక్యానికీ వాడుకకూ మధ్య దూరం మరీ ఎక్కువ. బైబిలు కాలంలో ఓలి ఇచ్చింది వరుడి వైపువారు. చేతిలో చిల్లిగవ్వ లేని యాకోబు ఒక్కొక్క భార్యకు ఏడేళ్ళ చొప్పున 14 ఏళ్ళు మామగారి మందలు కాచాడు. ఆ పద్ధతిలోనూ అన్యాయం లేకపోలేదు: తండ్రి తమను అమ్మేసి ఆ సొమ్ము తానే తినేశాడని లేయా, రాహేలు వాపోయినట్టు ఆదికాండం 31వ అధ్యాయంలో ఉంది. ఏమైనా, వధువు తండ్రి వరుడికి సొమ్ము ముట్టజెప్పాలన్న ఆజ్ఞ పాత నిబంధనలోనూ లేదు, కొత్త నిబంధనలోనూ లేదు. కట్నం తెలుగు క్రైస్తవులకు సంక్రమించింది చుట్టూ ఉన్న సమాజం నుంచే. ప్రధానం రోజున సంఘ పెద్దల ముందు ప్రార్థన చేసి, లెక్కలు మాత్రం పక్కగదిలో మాట్లాడుకునే ఇళ్ళు ఉన్నాయి. అబ్బాయికి ప్రభుత్వోద్యోగమో అమెరికా వీసానో ఉంటే ఆ అంకె పెరుగుతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం మతంతో పనిలేకుండా అందరికీ వర్తిస్తుంది. సంఘ పెద్దల సమక్షంలో ఇచ్చినంత మాత్రాన కట్నం కానుక అయిపోదు.

విడాకుల విషయంలో బైబిలు మాట ఒక్కచోట, ఒక్కముక్కలో లేదు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం భార్యను పంపేసే భర్త పరిత్యాగ పత్రిక రాసివ్వాలంటుంది. మోషే విడాకులను ప్రోత్సహించాడని దీని అర్థం కాదు. నోటిమాటతో గెంటేస్తే ఆ స్త్రీ ఎవరి భార్యో తెలియకుండా మిగిలిపోతుంది. పత్రం చేతిలో ఉంటే మరో పెళ్ళి చేసుకోగలదు. ఆ అధ్యాయంలో భర్త పంపేయడానికి చెప్పిన కారణం మీద యూదు బోధకుల్లో పెద్ద వాదమే నడిచింది. షమ్మాయి వర్గం భార్య శీలం తప్పితే తప్ప కుదరదంది. హిల్లేలు వర్గం కూర మాడ్చినా చాలంది. అకీబా అనే మరో బోధకుడు ఇంకా అందమైన స్త్రీ కనబడినా చాలన్నాడు. రెండో శతాబ్దం చివర్లో కూర్చిన మిష్నా గ్రంథంలో ఈ మూడు అభిప్రాయాలూ పక్కపక్కనే ఉన్నాయి.

ఏ కారణంతోనైనా భార్యను విడిచిపెట్టవచ్చా అని పరిసయ్యులు యేసును అడిగిన ప్రశ్న ఈ గొడవలోంచి వచ్చిందే. దానికి రాజకీయపు మెలిక కూడా ఉంది. సోదరుడి భార్య హేరోదియను చేసుకున్నందుకు పాలకుడు హేరోదు అంతిపను తప్పుపట్టిన బాప్తిస్మమిచ్చు యోహాను తల అప్పటికే తెగిపడింది. యేసు ఈ వర్గానికీ ఆ వర్గానికీ చిక్కకుండా ఆదికాండానికి వెళ్ళాడు: దేవుడు జతపరచినదాన్ని మనిషి విడదీయకూడదన్నాడు, మోషే ఇచ్చిన అనుమతి మనుషుల హృదయ కాఠిన్యం వల్లనే అన్నాడు. ఈ మాటను నేడు చాలాసార్లు బాధితురాలి నోరు మూయించడానికి వాడుతున్నారు. అప్పట్లో అది ఎవరికి తగిలిందో చూడాలి. పంపేసే హక్కు మగవాడి చేతిలో ఉన్న సమాజంలో, కూర మాడిందని భార్యను వీధిలోకి నెట్టగలిగే భర్తలకు తగిలింది. యేసు బావి దగ్గర కలిసిన సమరయ స్త్రీకి అప్పటికి ఐదుగురు భర్తలు ఉండేవారని యోహాను సువార్త చెబుతుంది. పండితులు గుర్తుచేసేది ఏమిటంటే, ఆ రోజుల్లో ఆమె ఐదుసార్లు వైధవ్యమో పరిత్యాగమో అనుభవించి ఉండాలి. యేసు ఆమెతో సుదీర్ఘంగా మాట్లాడాడు తప్ప రాయి విసరలేదు.

మార్కు, లూకా సువార్తల్లో యేసు నిషేధానికి మినహాయింపు లేదు. మత్తయిలో మాత్రం వ్యభిచారం అనే మినహాయింపు ఉంది. కొరింథు సంఘానికి రాసిన మొదటి లేఖ ఏడో అధ్యాయంలో పౌలు ఇంకొకటి చేర్చాడు: అవిశ్వాసి అయిన జీవిత భాగస్వామి తనంతట తాను వెళ్ళిపోతే విశ్వాసి ఇక బంధంలో లేనట్టే. ఇవికాక నిర్గమకాండం 21వ అధ్యాయంలో అంతగా ప్రసంగాలకెక్కని నియమం ఒకటుంది. దాసిగా కొని భార్యగా చేసుకున్న స్త్రీకైనా తిండి, బట్ట, దాంపత్య ధర్మం తక్కువ చేయకూడదు. ఆ మూడూ జరపకపోతే ఆమె సొమ్ము కట్టకుండానే స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చు. దాసికే ఈ హక్కుంటే స్వతంత్రురాలైన భార్యకు లేదా అని యూదు న్యాయవేత్తలు వాదించారు; ఈ కాలపు కొందరు క్రైస్తవ పండితులూ అదే అంటున్నారు. ప్రవక్త మలాకీ విడాకులను ఖండించిన చోట కూడా కోపమంతా యౌవనకాలపు భార్యకు ద్రోహం చేసే భర్త మీదనే. పరిత్యాగాన్నీ బలాత్కారాన్నీ ఆయన ఒకే వాక్యంలో ఖండించాడు. మొదటి సగం గోడలకెక్కుతుంది, రెండో సగం ఎవరికీ గుర్తుండదు.

ఈ భిన్న వచనాలను ఒక్కో సంఘం ఒక్కోలా కూర్చుకుంది. కతోలిక సంఘానికి వివాహం సంస్కారం. ఇద్దరు క్రైస్తవుల మధ్య చెల్లుబాటై, దాంపత్యంతో పూర్తయిన వివాహాన్ని అది రద్దు చేయదు. మొదటినుంచీ ఆ వివాహంలో లోపం ఉందని తేలితే చెల్లలేదని ప్రకటిస్తుంది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఈ విచారణను సులభం చేశారు. అంతకు ముందు రెండు తీర్పులు ఒకేలా రావలసి ఉండేది. లూథర్, కాల్విన్ వంటి సంస్కర్తలు వివాహం సంస్కారం కాదన్నారు, వ్యభిచారం, విడిచిపోవడం వంటి కారణాలకు విడాకులు ఒప్పుకున్నారు. తెలుగునాట ఉన్న లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. సంఘాలు ఆ సంస్కరణ తాలూకు వారసత్వంలోవి. తూర్పు ఆర్థడాక్స్ సంఘం పశ్చాత్తాప ప్రార్థనలతో రెండో పెళ్ళిని, అరుదుగా మూడోదాన్ని అనుమతిస్తుంది. విడాకులే లేవనే కతోలిక చట్టంలోనూ, భాగస్వామి వల్ల శరీరానికో మనసుకో తీవ్రమైన ప్రమాదం ఉంటే విడిగా బతకడానికి అవకాశం ఉంది. కొన్నిసార్లు అలా విడిపోవడం నైతికంగా అవసరం కూడా అని 2016 నాటి ‘అమోరిస్ లెతీషియా’ లేఖలో పోప్ ఫ్రాన్సిస్ రాశారు. ‘చచ్చినా ఆ ఇంట్లోనే’ అన్న సలహాకు అంత కట్టుదిట్టమైన సంఘంలోనే ఆధారం లేదు.

కాపురాల్లో కలహాలు వచ్చినప్పుడు తెలుగు సంఘాల్లో ఎక్కువగా తెరుచుకునే పుట ఎఫెసీయుల లేఖ ఐదో అధ్యాయం. భార్యలు భర్తలకు లోబడాలన్న 22వ వచనం ఆడవాళ్ళకు కంఠతా. దాని పక్కనే ఉన్న 21వ వచనం ఒకరికొకరు లోబడమంటుంది. 22 నుంచి 24 వరకు మూడు వచనాలు భార్యలనుద్దేశించినవి. 25 నుంచి అధ్యాయం చివరిదాకా దాదాపు అంతా భర్తలకే: క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు ప్రేమించాలి, సొంత శరీరాన్ని పోషించుకున్నట్టు చూసుకోవాలి. రోమా చట్టం ఇంటి యజమానికి తిరుగులేని అధికారమిచ్చిన రోజుల్లో ఈ నిష్పత్తి సామాన్యం కాదు. కొరింథు లేఖలో పౌలు ఇంకా ముందుకు వెళ్ళి, భార్య శరీరం మీద భర్తకున్న అధికారమే భర్త శరీరం మీద భార్యకూ ఉందన్నాడు. పురుషుల కూటంలో ఈ మాట మీద ప్రసంగం ఎన్నిసార్లు విన్నారో ఆ పురుషులే చెప్పాలి.

లోబడటం అంటే నోరు మూసుకుని ఉండటమే అయితే అబీగయీలు కథ బైబిల్లో ఉండనక్కర్లేదు. సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో ఆమె భర్త నాబాలు మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు ఉన్న ఆసామి. మోటు మనిషి, పనివాళ్ళు కూడా మాట్లాడలేని దుర్మార్గుడు. తన మందలకు కాపుకాసిన దావీదు మనుషులు తిండి అడిగితే అవమానించి పంపాడు. దావీదు 400 మందితో కత్తులు కట్టుకుని బయల్దేరాడు. సంగతి పనివాడి ద్వారా విన్న అబీగయీలు 200 రొట్టెలు, రెండు ద్రాక్షారసపు తిత్తులు, వండిన ఐదు గొర్రెలు, వేయించిన ధాన్యం, ఎండుద్రాక్ష, అంజూరపు అడలు గాడిదల మీద వేయించి భర్తకు చెప్పకుండా ఎదురెళ్ళింది. తన భర్త పేరుకు తగ్గ మూర్ఖుడని దావీదు ముందే చెప్పి, ఇంటిల్లిపాదినీ కాపాడుకుంది. ఆమెను ఆ గ్రంథం వివేకవతి అంటుంది. భర్త చాటున పని చేసిందని గానీ, అతన్ని నలుగురిలో తక్కువ చేసిందని గానీ ఒక్క మాట అనదు.

కొట్టే భర్తల విషయంలో సంఘ పెద్దల పంచాయితీ తరచుగా ఒకే దారిలో నడుస్తుంది. అయ్యగారు ఇద్దరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేస్తారు, అతని చేత క్షమాపణ చెప్పిస్తారు, ఆమెతో సర్దుకోమంటారు. చెప్పుకున్న బాధ వారం తిరక్కుండా ‘ప్రార్థన మనవి’ రూపంలో నలుగురి చెవినా పడుతుంది. భార్య ‘బలహీనమైన ఘటము’ అన్న పేతురు మాటను ఆమె తక్కువన్నట్టు చెబుతారు. ఆ వచనం ఆజ్ఞాపించింది మాత్రం ఆమెను సన్మానించమని. అలా చేయకపోతే భర్త ప్రార్థనలకే ఆటంకం కలుగుతుందని హెచ్చరిక కూడా అందులోనే ఉంది. పాస్టరమ్మలు చాలాచోట్ల ఈ లోటును నిశ్శబ్దంగా పూడుస్తున్నారు. ఆడవాళ్ళు అసలు సంగతి చెప్పుకునేది వారికే. అయితే నిర్ణయం తీసుకునే కమిటీలో వారికి కుర్చీ ఉండటం తక్కువ.

మరో చిక్కు ఇంట్లో ఒక్కరే విశ్వాసి కావడం. పల్లెల్లో భార్య ముందు ప్రభువును నమ్ముకుని, భర్త గుడికి వెళ్తూనో ఎక్కడికీ వెళ్ళకుండానో ఉండిపోయే కుటుంబాలు మొదటి శతాబ్దపు కొరింథులో ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి. అవిశ్వాసి కాపురం చేయడానికి ఇష్టపడితే విడవవద్దన్నది పౌలు సలహా. పెళ్ళికాని వారికి మాత్రం విశ్వాసులనే చేసుకోమన్నాడు. సంఘాలు ఈ రెండో నియమాన్ని గట్టిగా పట్టుకుంటాయి. కులం విషయానికొచ్చేసరికి అంత పట్టు కనిపించదు. గలతీయుల లేఖ ప్రకారం క్రీస్తులో యూదుడని, గ్రీకువాడని లేదు. పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో మాత్రం రక్షణ, బాప్తిస్మం పక్కనే కులం పేరూ అచ్చవుతుంది.

చట్టం కథ ఇంకా పొడుగు. భారత క్రైస్తవ వివాహ చట్టం 1872 నాటిది. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందిన గురువులు ఈ చట్టం కింద నేరుగా పెళ్ళి జరిపించవచ్చు. మిగతా పాస్టర్లకు ప్రభుత్వ లైసెన్సు కావాలి. స్వతంత్ర సంఘాలు వాడవాడలా వెలిసిన ఈ రోజుల్లో లైసెన్సు లేని పాస్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు పాస్‌పోర్టు దగ్గరో కోర్టులోనో ఇబ్బంది పెడుతుంది. శుభలేఖలు అచ్చువేయించే ముందే లైసెన్సు సంగతి అడగడం తప్పేమీ కాదు.

విడాకుల చట్టం 1869లో వచ్చింది. మొదట్లో దాని ప్రకారం భర్త, భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే సరిపోయేది. భార్య అయితే వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, విడిచి వెళ్ళడమో లాంటిది కూడా రుజువు చేయాల్సి వచ్చేది. ఒక్క క్రూరత్వమే ఉంటే ఆమెకు దారి ఉండేది కాదు. జిల్లా కోర్టు ఇచ్చిన డిక్రీని హైకోర్టు ఖాయం చేయాల్సి కూడా ఉండేది. 1995లో కేరళ హైకోర్టు ఈ వివక్షను కొట్టేసింది. 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించి క్రూరత్వం, రెండేళ్ళు విడిచి వెళ్ళడం వంటి కారణాలను ఇద్దరికీ సమానం చేసింది, పరస్పర అంగీకారంతో విడాకులకూ వీలు కల్పించింది. అంటే బైబిలు పేరుతో 130 ఏళ్ళకు పైగా నడిచిన చట్టం, మత్తయి సువార్తలోని మినహాయింపును మగవాడికి పూర్తిగానూ ఆడదానికి షరతులతోనూ పంచిపెట్టింది.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి కుల ధ్రువపత్రం ముడి కూడా పడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా ఉండదు. ఇక్కడ వారిని బీసీ-సి కింద చేర్చారు. దాంతో కాగితాల్లో హిందువుగా, ఆదివారం విశ్వాసిగా బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. కాపురం సజావుగా ఉన్నంతకాలం ఇది ఎవరికీ పట్టదు. కోర్టుకెక్కిన రోజున మాత్రం ఏ చట్టం వర్తిస్తుందన్నదే మొదటి తగాదా అవుతుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో, హిందూ అమ్మాయికీ క్రైస్తవ అబ్బాయికీ హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి జంటలు ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవచ్చు. ఒక్కరే క్రైస్తవులైనా 1872 చట్టం కిందా చేసుకోవచ్చు.

కతోలికుల్లో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. మేత్రాసన న్యాయస్థానం, అంటే బిషప్ పరిధిలోని సంఘ న్యాయస్థానం, వివాహం చెల్లదని చెప్పగానే రెండో పెళ్ళికి సిద్ధపడతారు. సంఘ తీర్పు సివిల్ కోర్టు డిక్రీకి బదులు కాదని 1996లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చర్చి తీర్పులకు చట్టబద్ధత కోరిన పిటిషన్‌ను 2017లో తోసిపుచ్చింది. డిక్రీ లేకుండా మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అది శిక్షార్హమైన నేరం.

2005 నాటి గృహహింస చట్టానికి మతం అడ్డు రాదు. విడాకులు కోరకుండానే, అదే ఇంట్లో ఉంటూనే, దాని కింద భార్య రక్షణ ఉత్తర్వులు, నివాస హక్కు, భరణం అడగవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మహిళలు ఫోన్ చేయవలసిన నంబరు 181. పాస్టర్లు దీన్ని సంఘం నోటీసు బోర్డు మీద, ఆరాధనల వేళల పక్కనే, రాసి పెట్టాలి.